మునేటి పులి వజ్రకవచం

జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ గారి డాబా. నందిగామ నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన నవీన్‌బాబునీ, భవానీప్రసాద్ గారమ్మాయి అక్షయనీ "కాసేపు మాట్లాడుకోండి" అని పెద్దవాళ్ళు పైకి పంపారు.

"ఏంటండీ, ఇంకోసారి చెప్పండి?"

"అదేనండి... ఖాళీ దొరికితే ఫోన్లో ఆట ఆడతానన్నా. కోట యుద్ధం అని. మీరు విని ఉండరు."

"విన్నా. మీ ఐడీ ఏంటి?"

"ఐడీ ఎందుకులెండి. కాఫీ బాగుంది. మీరే పెట్టారా?"

"మా అమ్మ పెట్టింది. ఐడీ చెప్పండి."

"నవ్వుతారు."

"నవ్వను."

"మునేటి పులి."

"మునేటి పులా! మీరా?"

"నవ్వుతారనుకున్నా గానీ, మరీ ఇలా చూస్తారనుకోలా."

"నవీన్ గారూ, నేను పేట మిర్చిని."

"అబ్బే."

"అబ్బే ఏంటి? మొన్న ఆదివారం ఫైనల్లో మీ చేతిలో ఓడిపోయిన పేట మిర్చిని నేనే."

"ఎవరో మగాడనుకున్నామండీ, ఆ కొట్టుడు చూసి."

"ఓడిపోయాక అనుమానమొచ్చి మీ సంచీ చూసా. ఎవరి సంచీలో ఏముందో ఆటలో అందరికీ కనపడుద్దిగా. వజ్రకవచం! డబ్బులు పెట్టి కొన్నదే కదా?"

"కొన్నదే. దొంగతనం చేయలేదుగా? కంపెనీవాడు అమ్ముతున్నాడు, కొన్నాం."

"కొన్నాం?"

"కొన్నా. నేనే కొన్నా."

"నేను ఒక్కో రాయీ ఏరుకుని, కోట కట్టుకుని, కిందా మీదా పడి ఫైనల్‌కొచ్చా. మీరేమో బటన్ నొక్కి కవచం తొడుక్కుని దిగిపోయారు. ఇక నా కత్తి పనిచేస్తేగా? దీన్నీ గెలుపంటారా?"

"ఒక్క మాటండి. ఏరుకునే తీరిక మీకుంది, ఏరుకున్నారు. తీరిక లేనివాడు కొనుక్కుంటాడు. తప్పేముంది?"

"నాకెక్కడిది తీరిక? పగలంతా బడి, ఇంటికొస్తే పేపర్లు దిద్దడం. మా క్లాసులో పిల్లలూ ఇదే చెప్తారు, చదివే తీరిక లేక కాపీ కొట్టాం టీచర్ అని."

"మరి మీ నాన్నగారి మాటేంటి? ఇందాకే చెప్పారు, బండలాగుడు పోటీకని గిత్తల జతని కొనుక్కొచ్చానని. పెనుగంచిప్రోలులో ఫస్టు కొట్టాయట. ఇంట్లో పుట్టిన గిత్తల్ని తోలుకొచ్చిన రైతు ఓడిపోలా?"

"గిత్తల్ని కొంటే సరిపోద్దా? మేపాలి, ఉలవలు పెట్టాలి, తోలడం తెలియాలి. పోనీ మీరు చెప్పండి, కోడిపందెంలో ఒక కోడికే కత్తి కట్టి, రెండోదాన్ని ఉత్తకాళ్ళతో వదుల్తారా?"

"వదలరు."

"మరి?"

"అంటే అసలేమీ కొనకూడదంటారా? కిరీటాలూ, రంగుబట్టలూ..."

"అవి కొనుక్కోండి. నెత్తిన నెమలీకలు పెట్టుకోండి, ఒళ్ళంతా చెమ్కీలు కుట్టించుకోండి, నాకేం? దాంతో నా దెబ్బ ఆగదుగా. దెబ్బని ఆపేది కొన్నారు చూడండి, అదీ అన్యాయం."

"అన్యాయమే. ఒప్పుకున్నా. ఇక కిందికెళ్దామా?"

"అంత తొందరగా ఒప్పుకున్నారేంటి? ఒక్కటి చెప్పండి. చివర్లో నేను బురుజు మీంచి బాణం వేసా కదా, ఎటు తప్పుకున్నారు?"

"పక్కకి."

"ఏ పక్కకి?"

"అది... మీకు ఎడమైతే నాకు కుడి కదండీ."

"నా దగ్గర అసలు విల్లే లేదు. ఆడింది మీరు కాదు."

"కాదండి."

"మరెవరు?"

"అరవనంటే చెప్తా."

"అరవను."

"మా అమ్మ."

"ఏ అమ్మ? కింద పట్టుచీరలో కూర్చుని మా అమ్మతో మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటున్న భారతీదేవిగారా!"

"అరవనన్నారు!"

"మరి మీరు ఆడతానన్నారేంటి?"

"ఏదో ఒకటి మాట్లాడాలిగా. నాకు తెలిసిన ఆటల్లా అమ్మ ఆడేదే."

"కవచం కూడా ఆవిడే కొన్నారా?"

"లేదండి, అది నా పనే. పేట మిర్చి ఎవరో గానీ మళ్ళీ నా కోట కూల్చాడురా అని రోజూ అన్నం దగ్గర ఒకటే గోల. చూడలేక, ఫైనల్ ముందు ఆవిడ ఫోన్ తీసుకుని గుట్టుగా కొని సంచీలో వేసా. గెలిచింది. వీధంతా లడ్డూలు పంచింది. ఇప్పుడు గొప్ప నీది కాదమ్మా, కవచానిది అని ఎట్లా చెప్పను?"

"చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను చెప్తా. ఓడిపోవడం నాకు కొత్త కాదు. కానీ ఇలా ఓడితే మనసొప్పట్లా."

"అమ్మ ఇంత సంతోషపడి ఎన్నాళ్ళయిందో మీకు తెలీదండి. కావాలంటే ఈ సంబంధం పోయినా సరే..."

"పోయినా సరేనా?"

"అంటే... పోకూడదనే ఉంది. చాలా ఉంది."

"అదేదో ముందే చెప్పొచ్చుగా."

"ఒరే నవీనూ! అమ్మాయ్! ఇంకా అవలేదా మీ మాటలు?"

"అదుగో, అమ్మ పైకొచ్చేస్తోంది. అక్షయ గారూ, దణ్ణం పెడతా, చెప్పకండి."

"రండి అత్తయ్యగారూ... అదే, ఆంటీ. నేను పేట మిర్చినండి."

"ఓసి పిడుగా! నువ్వా అది? ఏం కొడతావే తల్లీ! కత్తి ఎత్తేముందు నువ్వో అడుగు వెనక్కేస్తావని కనిపెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"క్షమించండి ఆంటీ, మీరు గెలిచింది అందుకు కాదు. వజ్రకవచం వల్ల. మీ అబ్బాయి మీకు తెలియకుండా కొని సంచీలో పెట్టారు."

"అమ్మా, అది... నువ్వు బాధపడతావని..."

"తెలియకపోవడమేంట్రా? సంచీ తెరవగానే ధగధగా మెరిసిపోతుంటేనూ! పిచ్చి సన్నాసి, అమ్మ ఓడిపోద్దని బెంగపడ్డాడనుకున్నా."

"తెలిసే వేసుకున్నారా ఆంటీ?"

"ఎవరు వేసుకున్నారు తల్లీ? దాని సీలైనా తియ్యలా. నిన్ను మామూలుగానే కొట్టా."