కాలేజీ గేటు కాడ ఫ్లెక్సీ

ఇదేం పనన్నా వెంకటేశమన్నా? కాలేజీ నాది, అడ్మిషన్ నాది, ఫస్ట్ డే నాది. ఫ్లెక్సీల మాత్రం నా ఫొటో పోస్టల్ స్టాంపంత! మా బావ తలకాయేమో ట్రాక్టర్ టైరంత! నవ్వకు. నీ షాపుల అచ్చయిందే గదా?

పైంగ నా పెండ్లి ఫొటో! నెత్తి మీద జీలకర్ర బెల్లం, మెడల ఇంత లావు దండ. కింద ఏం రాసినవ్? 'డిగ్రీల చేరిన మా మరదలు సమతకు శుభాకాంక్షలు, మీ ప్రభాకర్ అన్న.' జీలకర్ర బెల్లం పెట్టుకొని ఎవరన్న డిగ్రీకి పోతరా?

కొట్లాడనీకే వచ్చిన గనీ, పొద్దుగాల సంది కడుపుల సంతోషం ఆగుతలేదు, కోపం నిలబడ్తలేదు. ఆ కుర్చీ ఇటియ్యి. జర మంచినీళ్లు.

ఇయ్యాల మా ఇంట్ల రెండు టిఫిన్ బాక్సులన్నా. ఒకటి నా బిడ్డ సాయిశ్రీది, యూకేజీ. ఇంకోటి నాది! అది నా బ్యాగు జిప్పు పెట్టి ఏమన్నదో ఎర్కనా? "అమ్మా, క్లాసుల ఏడువకు. సాయంత్రం డాడీ వచ్చి తీస్కపోతడు."

కనకమామిడి కాడ బస్సెక్కిన. ఇంటర్ కాంగనే పెండ్లి చేసిండ్రు గదా, పుస్తకాలు పట్టుకొని బస్సెక్కుడు మల్ల ఇయ్యాల్నే. చేవెళ్లల గేటు కాడ దిగి చూస్తే ఎవరున్నరు? నేనే! దండతోని! పిల్లలంత ఒకసారి ఫ్లెక్సీని చూసుడు, ఒకసారి నన్ను చూసుడు.

"అక్కా, గది నువ్వేనా?" అన్నది సంజన అనే పిల్ల. "కాదమ్మా, మా చెల్లె" అన్న. ఎంత నవ్విందో! రోజంత నా పక్కనే కూసున్నది. నా పప్పంత తిన్నది గూడ.

ఇగ పొలిటికల్ సైన్స్ మేడం. వచ్చుడు వచ్చుడే "ఓటు ఎవరిని చూసి ఎయ్యాలె?" అని అడిగింది. ఎనక బెంచీ పిల్లగాడు లేచి, "ఇంట్ల మా బాపు ఎవరికెయ్యమంటే వాళ్లకే మేడం" అన్నడు. నేనూకుంటనా? ఇంటర్ల డిబేట్లల్ల మైకు గుంజుకున్నదాన్ని! లేచి అన్న: "మరి నీ వేలికి సిరా ఎందుకు తమ్మీ? మీ బాపుకే రెండు వేళ్లకు పెడితే అయిపోతది గదా?"

బెంచీలు కొట్టిండ్రన్నా! బెంచీలు! నాకు! మేడం నవ్వు ఆపుకోలేక డస్టర్ కింద పడేసింది.

గంతే. గా సంతోషం గేటు దాకనే.

బయట మా బావ కారు. పుస్తకాలతోని గేటు కాడ నిలబెట్టి ఫొటో తీసుకున్నడు. కారెక్కినంక అన్నడు, "మంచిగొచ్చింది సమతా. రేపటి సంది రాకు. పరీక్షలకు పోతే సరిపోతది." ఈసారి మా ఊరి సర్పంచ్ సీటు ఆడోళ్లకొస్తదని, నన్ను నిలబెట్టాలని ఆయన ఆలోచన. కరపత్రంల నా పేరు పక్కన 'డిగ్రీ విద్యార్థిని' అని రాసుకోనీకి ఒక్కరోజు చాలంట!

మా ఆయన శ్రీకాంతా? ఫోన్ చేస్తే "అన్న చెప్పిండు గదా" అన్నడు. అన్న ముందట ఆయన నోరు ఎన్నడు లేచింది?

బజార్ల సామాన్లు కొనేదున్నదని కారు దిగి, సీదా నీ దగ్గరికొచ్చిన.

ఇగో, ఇంకో ఫ్లెక్సీ కొట్టు. మా ఇంట్ల నోటితోని అన్న మాట పొద్దూకేసరికి మారుతది. ఫ్లెక్సీ మీద పడ్డదాన్ని మాత్రం బావ ఎనక్కి తీసుకోడు. నీకు తెల్వదా? మొన్న వినాయకునికి నూరుమందికి అన్నదానం అని చెప్తే, నువ్వు సున్న ఎక్కువ కొట్టినవ్. ఫ్లెక్సీ పీకిచ్చిండా? వెయ్యిమందికి వండిచ్చిండు!

రాసుకో. 'మరదలిని మూడేండ్లు రోజూ కాలేజీకి పంపిస్తున్న విద్యాభిమాని ప్రభాకర్ అన్నకు ధన్యవాదాలు, ఊరి ఆడబిడ్డలు.' మొయినాబాద్ చౌరస్తల ఒకటి, కాలేజీ గేటు కాడ ఒకటి. 'రోజూ' అన్నది ఎర్రరంగుల, లావుగ.

ఏందట్ల చూస్తున్నవ్? నిన్నేం అనడు. ముందుగాల తన ఫొటో చూసుకుంటడు. మాటలు చదివేసరికి పదిమంది మెచ్చుకొని ఉంటరు.

గందుకే ఆయన ఫొటో ఇంకింత పెద్దగ పెట్టు. దండం పెట్టింది కాదు, కూలింగ్ గ్లాసులది. నాదా? ఈసారి స్టాంపంత గూడ వద్దు. అసలే వద్దు.

ఏం జేస్తమన్నా. తమ్మునికి సిరా ముచ్చట చెప్పి బెంచీలు కొట్టిచ్చుకున్నదాన్ని. ఆ బెంచీ మీద నేను కూసోవాలంటే, గేటు కాడ ఆయన మొఖం నిలబడాలె.

కొట్టు. తెల్లారేసరికి కట్టియ్యాలె. పొద్దుగాల నాకు బస్సున్నది.