మోగకూడని ఫోను

నా పేరు మైలపల్లి అర్జునరావు, తండ్రి చలమయ్య. వయసు 36. ఇల్లు ఫిషింగ్ హార్బర్ వెనక కాలనీలో. వృత్తి చేపల వేట. అలా రాయించడానికే సిగ్గుగా ఉంది.

నిరుడు వేటలో కాలు జారి సముద్రంలో పడ్డాను. నా భార్య సీతాలుకు అన్న అయిన వీర్రాజు నా జుట్టు పట్టి పైకి లాగాడు. అప్పటినుంచి నాకు నీళ్లంటే భయం. అది వీర్రాజుకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ నెల 9న ఉదయం 5.30కి బోటులోకి ఐస్ ఎక్కించాక అంచు పట్టుకుని వదల్లేకపోయాను. "దిగిపో బావ. నాను సూసుకుంతాను, ఎవులికీ సెప్పను" అన్నాడు వీర్రాజు. దిగిపోయాను. ఓనరు జాబితాలో ఆరుగురం, వెళ్లింది ఐదుగురు. ఇంటికి పోలేక పెందుర్తిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాను. వేటకెళ్లినవాడి ఫోను పలకకూడదు కనుక ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. వీడియోల కోసం అక్కడి వైఫై మాత్రం పెట్టుకున్నాను. వైఫై మీద మామూలు కాల్సు కూడా వస్తాయని నాకు తెలియదు.

ఈరోజు 16న ఉదయం 9.40కి ఫోను మోగింది. అలవాటుగా ఎత్తేశాను. సీతాలు.

"మావా! ఒడ్డుకొచ్చేసినారేటి?"

నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. ఫోను మోగిందంటే బోటు దగ్గరపడినట్టేనని మావాళ్ల లెక్క.

"ఆఁ, దగ్గర్లోనే ఉన్నాం" అన్నాను.

"మా అన్న ఏటి సేత్తన్నాడు?"

"తొంగున్నాడు."

"లేపకు. తొంగోనీ" అంది. ఏడుస్తోంది. ఎందుకని అడగలేదు. పెట్టేశాను.

మధ్యాహ్నం 3.10కి మళ్లీ చేసింది. "కూర సల్లారిపోతంది, ఇంకా రారేటి? నిన్నటి నుంచి మీ వైర్‌లెస్ పలకలేదని మూడు బోట్లు ఎతకడానికెల్లబోతే, వచ్చేత్తన్నారని నానే ఆపించినాను మావా."

అప్పుడూ నిజం చెప్పలేదు. ఫోను ఆపేసి బస్సెక్కాను. ఈ పోలీస్ స్టేషన్ బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాను. అదీ రాయండి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ పాపాయమ్మ అనేది. నాకు రెండూ జారాయి.

జాబితాలో ఆరో పేరు నాది. దాన్ని కొట్టేసి మిగతా ఐదుగురినీ వెతకండి. వెతికే బోటులో నన్నూ ఎక్కించమని అడగాలి. ఇప్పటికీ నోరు రావడం లేదు.

ఇదంతా చదివి వినిపించారు, విన్నాను. సీతాలుకు చెప్పింది అబద్ధం. ఇక్కడ చెప్పింది నిజం.

సంతకం: మై. అర్జునరావు
16వ తేదీ, సాయంత్రం 5.25