సీనప్ప వేన్నీళ్ళలో చేతులు పెట్టిన కథ

ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో ఈమధ్య నాకు కలిసిపోతోంది. అందుకే పూర్తిగా మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. వరస తప్పితే ఏమీ అనుకోవద్దు. చిక్కబళ్ళాపురం జిల్లా అయిన ఏడాదే అనుకుంటాను, కాకపోతే ఆ మరుసటేడు. చింతామణిలో మా ఇంటి అరుగు మీద సీనప్ప కూర్చున్నాడు. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే ఫ్యాక్టరీ ఆయనది. మా మనవరాలు రక్షితను పనికి పంపమని అడగడానికి వచ్చాడు. పిల్లకు పోవాలని ఉంది, నాకే భయం. పక్కవీధి అంబిక అక్కడ చేరిన మొదటిరోజే మసిలే నీళ్ళలో చెయ్యి కాల్చుకుంది. ఎలా చెయ్యాలో దగ్గరుండి చెప్పినవాళ్ళు లేరు. ఆ మాటే అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"అదంతా పాత కథమ్మా. ఇప్పుడు మా ఫ్యాక్టరీలో ట్రైనింగు ఉండాది. ఎవరిస్తాండారు? నేనే! యజమాని కుర్చీలో కూర్చుని కేకలేస్తే ఎవరు నేర్చుకుంటారు? పొద్దున్నే కొత్త పిల్లోళ్ళ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటా. గూడు ఎట్ల పట్టుకోవల్ల, దారం కొన ఎట్ల వెతకల్ల, అన్నీ చేసి చూపిస్తా."

"మంచి పనే కదప్పా," అన్నాడు పక్కింటి పిళ్ళప్ప. అంతవరకూ నమ్మదగ్గ మాటే. అక్కడితో ఆగి ఉంటే నేనూ సరేననేదాన్నేమో.

"విను పిళ్ళప్పా. మొదట ఒగ గంట కూర్చుంటి. తర్వాత పూటంతా కూర్చుంటి. వాళ్ళు నేర్చుకునేది చూస్తే నాకే లేయబుద్ధి కాలే. చేతులు రెండూ మసిలే నీళ్ళలోనే, ఆరు నెలలు బయటికి తియ్యలే! అన్నం మా ఇంటామె వచ్చి నోట్లో పెట్టి పోతాండె. ఆ తర్వాత ఏమాయెనో తెలుసునా? ఆ నీళ్ళకే నా చేతులు అలవాటాయె. నేను చెయ్యి పెడితే చల్లబడతాయి, తీస్తే మసులుతాయి."

"అయితే నీకు కట్టెలు మిగిలుంటాయే," అన్నాను విసుగ్గా.

"మిగలకేమమ్మా, లారీ కట్టెలు అట్లే పడుండాయి! ఇంక పనోళ్ళ సంగతి చెప్పనీ. యజమానే పక్కన కూర్చుంటే వాళ్ళకెంత గౌరవం! తగాదా అనేదే లేదు. ఒగామెకు దారం తెగితే పక్కామె కండ్లలో నీళ్ళొస్తాయి. సాయంత్రం గంట కొట్టినా ఇంటికి పోరు, నేనే దండం పెట్టి పంపించల్ల. ఆదివారం బీగం వేస్తే గోడ దూకొచ్చి పని చేస్తాండారు!"

"గోడ దూకా?"

"పండగనాడు గూడా! ఈ సంగతి బెంగళూరు దాకా పాయె. కంప్యూటర్ కంపెనీల మేనేజర్లు బస్సు కట్టించుకుని వచ్చిరి. 'సార్, మా వాళ్ళు నిలబడరు, మీ వాళ్ళు కదలరు, ఏమిది?' అనిరి. 'మీరూ ముక్కాలిపీట వేసుకోండప్పా' అంటి. ఇప్పుడు బెంగళూరులో ముక్కాలిపీటలు దొరకవు, కావల్లంటే పోయి చూడు. ఆ వెనకే జపానోళ్ళు వచ్చిరి."

"జపాను యాడ, చింతామణి యాడప్పా!"

"నేనూ అదే అంటి! ఒగాయన నా పక్కన కూర్చునె, ఇంక లేయనంటాడు. వాళ్ళ సర్కారే విమానం పంపి పిలిపించుకునె. అదంతా ఎందుకు, పురుగులకే తెలిసిపాయె! బాగేపల్లి రైతులు మార్కెట్టుకు తెచ్చిన గూళ్ళుండాయే, అవి వేరేవాళ్ళ గంపలో పడవు. దొర్లుకుంటా నా గంపలోకే వస్తాయి. నీళ్ళలో వేయకముందే కొన బయటపెట్టి, 'లాగు సీనప్పా' అంటాయి!"

లోపల పప్పు మాడుతున్న వాసన వస్తోంది. లేద్దామంటే గడపకు అడ్డంగా కాళ్ళు చాపుకుని ఆయన. అప్పుడే రక్షిత గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అప్పా, మీ చేతులు ఒగసారి చూపిస్తారా?"

ఆయన సంతోషంగా చాపాడు. దారం తీసేవాళ్ళ చేతులు మా ఊళ్ళో ఎవరికి తెలియవు? నాని నాని తెల్లబడి, వేళ్ళ సందుల్లో పగిలి ఉంటాయి. ఎంత సబ్బు రుద్దినా ఉడికిన పురుగుల వాసన పోదు. ఈయన చేతులు పూరీ పిండిలా ఉన్నాయి. వాటికి పౌడరు వాసన.

"ఆరు నెలలు నానినా ఎంత మెత్తగుండాయప్పా," అంది రక్షిత.

పిళ్ళప్ప పొలమారేలా నవ్వాడు. "పనోళ్ళు గోడ దూకొస్తాంటే ఈ పిల్లను అడిగేదానికి యాల వచ్చినావు సీనప్పా?"

సీనప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు. రక్షిత మాత్రం నవ్వలేదు.

"సోమవారం నుంచి నేను పనికొస్తానప్పా. మొదటిరోజు మీరు నా పక్కన కూర్చోవల్ల. మీ చెయ్యి నీళ్ళలో పడినాకే నా చెయ్యి పెడతా."

"సోమవారం నాకు బెంగళూరులో..."

"జపానోళ్ళతోనా?" అన్నాడు పిళ్ళప్ప.

సోమవారమో మంగళవారమో, కూర్చోక తప్పలేదు. వేలు పెట్టాడు, ఫ్యాక్టరీ అంతా వినబడేలా అరిచాడట. మధ్యాహ్నం లోపల ప్రతి ఒక్కరి పక్కనా చేతులు ముంచుకోవడానికి చన్నీళ్ళ బకెట్టు పెట్టించాడు. అంబిక చెయ్యి కాలిననాడు లేని బకెట్టు. ఆ సాయంత్రం మా అరుగు మీద కాఫీ తాగుతూ ఒక్క మాట మాట్లాడలేదు. దగ్గర కూర్చుంటే పురుగుల వాసన. నాకు ఎంత హాయిగా ఉండిందో!

ఆ హాయి ఎన్నాళ్ళు? నెల తిరగకముందే ఆయన చెప్పే కథలో ఆ ఒక్క పూట ఏడాదయింది, బకెట్లు బావులయ్యాయి.

రక్షితా, చెయ్యి కాలింది అంబికకేనా, వాళ్ళ అక్కకా? పేర్లు ఒకసారి సరిచూసి పెట్టమ్మా. సీనప్ప పేరు మాత్రం చూడక్కర్లేదు. దాన్ని మరిచిపోదామన్నా ఆయన మరవనివ్వడు.