రేపు రమ్మన్న వీధి

బందరు రేవు దగ్గరి పాత వీధిలో, విజయవాడ నుంచి టూరిస్టులను వెంటబెట్టుకొచ్చిన గైడు ఒక ముసలాయన గుమ్మం ముందు ఆగాడు. అతని చేతిలో సుద్దముక్క చూడగానే అరుగు మీది ముసలాయనకు ఒళ్ళు మండింది.

“అన్ని తలుపుల మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఇప్పటికీ ఉంది బాబాయ్ గారూ. మీ తలుపు మీదే లేదు. ఫొటో కోసం రాసుకోనా?”

“ఎవర్ని రేపు రమ్మంటావ్?”

“దెయ్యాన్నండీ! ఆడగొంతుతో పేరు పెట్టి పిలిచి తలుపు తడుతుందట. తీస్తే చావేనట. ఆ రోజుల్లో ఓ వానరాత్రి ఈ వీధంతా తట్టిందటగా, మీరు వినలేదా?”

“నేను చేపల లోడుతో బెజవాడ వెళ్ళాను. ఇంట్లో నా భార్య ఒక్కతే ఉంది.”

“అమ్మో! ఆవిడ గానీ తలుపు తీశారా ఏంటి?”

“తీసి బయటికి పరిగెత్తింది. పాము కరిచిందయ్యా దాన్ని. ఆసుపత్రికి తీసుకెళ్ళమని పేరుపేరునా పిలుస్తూ ప్రతి తలుపూ తట్టింది. లోపల్నుంచి అందరూ ‘రేపు రా’ అన్నారు. తెల్లారేసరికి ఈ అరుగు మీదే పోయింది.”

గైడు సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు.

“మరి ఇంకా వీళ్ళ మధ్యే ఎలా ఉంటున్నారండీ?”

“ఎందుకుండనూ? పొద్దున్నే తలుపు తీస్తే వాళ్ళకు ముందు నా మొహమే కనపడాలి.”