పాటకూ పాటకూ మధ్య సందు

అదేందప్పా స్టాన్లీ, చెప్పులు కూడా విడవకుండా పై రూము తాళం ఇయ్యి ఆంటీ అంటావు? పోలీసోళ్ళు కూడా ముందు కూర్చుంటారు. కూర్చో. కాఫీ పెట్టేసినా, ఇంక పారబొయ్యలేను.

నీ స్పీకర్లు, నీ సీడీల డబ్బా యాడికీ పోవు. అభిజిత్ లేనప్పుడు వచ్చి తీసుకపోతానని ఫోన్ చేస్తివి, ఈ ఆదివారం రమ్మంటిని. వచ్చినావు. అంత బరువు మెట్లమీంచి దింపాలంటే కడుపులో ఏమన్నా పడాల కదా. రవ్వ ఉప్పిట్టు తిను. ఉప్పు ఎక్కువుంటే ఏమనుకోవద్దు, ఒక్కదానికి చేసుకునేది నాకింకా కుదరలేదు.

ఎదురింటి ఓబళప్ప కిటికీలోంచి చూస్తాండాడు. చూడనీ. మీ చప్పుడుకు తల పగులుతాందని ప్రతి వారం నాకాడికి వస్తాండె కదా. చెవి మిషను తీసి పక్కన పెట్టు మామా అంటే మూతి ముడుచుకునేవాడు. మొన్న ఆయనే వచ్చి, ఏం ప్రేమకుమారీ, ఈ మధ్య పైన చప్పుడే లేదే అని అడిగినాడు. తల బాగైంది కదా అన్నా. బాగైంది, పొద్దు పోవడంలేదు అన్నాడు.

నవ్వొద్దు. నాకు నవ్వు రాలేదు.

ఈ వర్తూరు సిటీలో కలవకముందు, ఊరుగా ఉన్నప్పుడు ఎవరింట్లో ఏం కూరో నాకు తెలిసేది. ఎవరెవరు మాటలు మానుకున్నారో వాళ్ళకంటే ముందు నాకే తెలిసేది. ఇప్పుడేముంది? స్థలాలు అమ్ముకుని అందరూ పోయినారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినాయి. లోపలికి పోవాలంటే గేటుకాడ పేరు రాసి సంతకం పెట్టాల. సంతకం పెట్టి చాడీలు చెప్పేదెట్లప్పా?

అట్లాంటప్పుడు నా మేడమీదికి మీరొచ్చినారు.

అభిజిత్ బాడిగకు దిగినప్పుడు, నంద్యాల మనిషి, మహదేవపురలో కంప్యూటర్ పని, పెండ్లాంతో తెగిపోయింది, నోట్లో నాలుక లేదు అనుకుంటి. మొదటి ఆదివారమే నాలుక బయటపడింది. నువ్వూ, ఆ మౌనికా, ఇంకో నలుగురూ మెట్లెక్కినారు. ఒక గంటకంతా పైకప్పు లేచిపోతాదేమో అనిపించింది.

ఏదో దేశంలో ఒకాయన, మీ చిన్నప్పుడు, వేరేవాళ్ళ పాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపి సీడీలు చేసినాడంట. అందులో ఒక్క పాటా ఆయనది కాదంట. అయినా ఆయనే గొప్పోడంట. సరే, వంటాయన కూడా కూరగాయలు పండించడు కదా అని నేనూ ఒప్పుకున్యా.

ఒప్పుకుంటే మీరు ఊరుకుంటారా? మొదటి డిస్కు గొప్పదా, రెండోదా. చేత్తో కలిపినాడా, కంప్యూటర్లో కలిపినాడా. ఇది ట్రాన్సా, ప్రోగ్రెసివ్ హౌసా. ఈ రెండు రకాల పాటలకూ తేడా నాకు తెలీదు. మీకూ తెలీదని నా అనుమానం. తెలిసుంటే ఇన్ని ఆదివారాలు కొట్లాడతారా?

పెండ్లిళ్ళలో అప్పడం వెయ్యలేదని పంక్తిలోంచి లేచిపోయినోళ్ళను చూసినా గానీ, నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలిన మొగోళ్ళు డ్రమ్ము చప్పుడు ముందొచ్చిందా వెనకొచ్చిందా అని గొంతులు పోగొట్టుకునేది మీకాడనే చూసినా.

గుర్తుందా, ఒకసారి నన్ను నడుమ కూర్చోబెట్టి తీర్పు చెప్పమన్నారు? రెండు డిస్కులూ వినిపించినారు. రెండోదే బాగుంది అన్నా. అది తొందరగా అయిపోయిందప్పా, అందుకే. నువ్వేమో లేచి నా కాళ్ళకు మొక్కితివి. అభిజిత్ ఆ పూట ఉప్పిట్టు ముట్టుకోలేదు.

ఆ, ఆ. వస్తాండా అసలు సంగతికే.

తన సీడీలో పాటకూ పాటకూ మధ్య వచ్చే సందు గురించి అభిజిత్ ఎప్పుడూ చెప్పేది కదా? మీరంతా ఎగతాళి చేసేవాళ్ళు. సందులో వినేదేముందిరా, నీకు చెవులున్నాయా అని. ఒకరోజు నేను ప్లేట్లు పట్టుకుని మెట్లమీదుండా, వాడు చెప్తాండాడు. "పాట అయిపోతానే ఆయన మనల్ని ఒక్క క్షణం ఒంటరిగా వదిలేస్తాడు. ఇంక ఎవరూ లేరు అనుకునే లోపల మళ్ళా వచ్చి చెయ్యి పట్టుకుంటాడు."

నేను అందరినీ ఆడిపోసుకునేదాన్నే. ఆ మాటకు మాత్రం ప్లేట్లు పక్కన పెట్టి, మెట్టుమీదే కూర్చున్యా. మా ఆయన పోయినాక నాకట్ల చెప్పినోళ్ళు ఎవరూ లేరు.

తర్వాత మౌనిక ఆ సీడీ అసలుది ఎవరికాడనో కొనుక్కొచ్చింది. అట్ట నలగకుండా పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చింది. వేసినారు. సందూ లేదు, గిందూ లేదు. ఒక పాట అయిపోకముందే ఇంకోటి వచ్చి దాంట్లో కలిసిపోయింది. ఏరు పోయినట్టు పోతానే ఉండాది. ఆ మనిషి గొప్పతనమంతా ఆ కలపడంలోనే ఉందంట కదా? నాకూ ఆ రోజే తెలిసింది.

ఇది నకిలీది అన్నాడు అభిజిత్. ఇంకో దేశంలో అచ్చైందేమో అన్నాడు. పాపం, ఇంకా ఏమేమో అన్నాడు.

అప్పుడు నువ్వు నోరు తెరిచినావు. "అరే, నీది కాలేజీలో నేను కాపీ కొట్టిచ్చిందిరా. కాపీ చేసేటప్పుడు ఆ సందు నా కంప్యూటర్ పెట్టింది. నాకు మొదటినుంచీ తెలుసు."

అందరూ నవ్వినారు. అందరికంటే గట్టిగా నువ్వే నవ్వినావు. నేను కూడా నవ్వినాలే, ఎందుకు నవ్వుతాండారో తెలీకుండానే.

వాడు మాత్రం ఆ సీడీ తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి, మౌనిక చేతికిచ్చి, మంచినీళ్ళు తాగొస్తానని లోపలికి పోయినాడు. మీరు పోయేదాకా బయటికి రాలేదు. మీ ఆదివారాలు ఆ రోజుతోనే ఆగిపోయినాయి.

తప్పు కాపీది కాదప్పా. కంప్యూటర్ చేసినదానికి నిన్నెవరేమంటారు? తెలిసి ఇన్నేండ్లు వాణ్ణి వాదించనిచ్చినావే, అదే.

ఏమంటివి? వాడు అంత బాగా చెప్తాంటే తప్పని ఎట్ల చెప్పేది అంటావా? ఈ మాట ఆ రోజు అనుంటే సరిపోయేది కదా. నాకు చెప్తే ఏం లాభం, ఆ సందును నమ్ముకునింది నేనా?

ఎందుకట్ల పైకి చూస్తావు? ఆ, అది ఫ్యాన్ చప్పుడే. వాడు పైనే ఉండాడు. లేడని ఫోన్లో నీకు చెప్పింది అబద్ధం. ఉండాడంటే నువ్వు వస్తావా?

లేవొద్దు. నువ్వొచ్చినట్టు వానికి తెలీదు. తెలిసినా దిగడులే. ఆఫీసుకు పోతాడు, వస్తాడు, తలుపేసుకుంటాడు. నీ స్పీకర్ల మీద దుప్పటి కప్పి పెట్టినాడు, దుమ్ము పడతాదని. అంత కోపమున్నోడు దుమ్ము పడితే నాకేమి అనుకోవాల కదా? నాకైతే వాని లెక్క అర్థం కాలేదు.

మౌనిక ఒకసారి వచ్చి, తలుపు కొట్టి, నాతో కాసేపు కూర్చుని పోయింది. వాళ్ళ మేనేజరు సంగతులు చెప్పింది. మంచి సంగతులే, కానీ ఆ మేనేజరు ఎవరో తెలీకుండా ఎంతసేపని నవ్వేది?

పోయిన ఆదివారం నేనే పైకి పోయినా. ఉప్పిట్టు ప్లేటు ముందర పెట్టి, వాని ఎదురుగా కూర్చుని, ఎవరేమన్నా రెండో డిస్కే గొప్పది నాయనా, మొదటిదాంట్లో ఏముంది, అంతా సాగదీసుడే అన్నా. నువ్వు అనే మాటలే, నువ్వు అనేటట్టే అన్నా. లేచి అరుస్తాడని చూసినా. కంప్యూటర్లోనే కలిపినాడంట కదా అని కూడా అన్నా.

"అవునాంటీ. మీరు చెప్పిందే రైటు." అంతే అన్నాడప్పా. అని, ఉప్పిట్టు మొత్తం తినేసి, ప్లేటు కడిగి ఇచ్చినాడు.

నాకు భయమేసింది. మా ఆయన చివరి రోజుల్లో అట్లే, నేనేమంటే దానికి అవునంటాండె.

అందుకే అబద్ధం చెప్పి నిన్ను రమ్మంటిని. వానితో కొట్లాడేది నాకు చేతకాదు, మీ పాటల్లో ఏది తలో ఏది తోకో నాకు తెలీదు. నిజం చెప్పాలంటే నాకవి నచ్చవు కూడా. ఒక్క మాటుండదు, ఒక్క మనిషి గొంతుండదు. మీ గొంతులు వినడానికే నేను మెట్లకాడ కూర్చునేది. కింద పని ఉండి కాదు. ఈ వీధిలో నాకు తెలిసిన మనుషులు ఇంక మీరే.

క్షమించమని అడుగుతావో, తిట్టుకుంటారో, నాకు తెలీదు. స్పీకర్లు కావాలంటే తీసుకపో, నేనేమీ అడ్డుపడను. కానీ ముందు పోయి ఆ సందు తప్పురా అని వాని మొహాన చెప్పు. లేదంటే ఆ సందే బాగుందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు, వాడు కాదనేటట్టు చెప్పు.

పో. అరుచుకున్నా పర్వాలేదు, ఓబళప్పకు నేను చెప్పుకుంటా. తలుపు మాత్రం వేసుకోవద్దండప్పా. వేస్తే కింద నాకేమీ వినపడదు.