చెంగల్రాయుడు జేబులో దాచుకున్న పత్రిక

గుడియాత్తం బజారులో ముత్తు టీ అంగడి బెంచీ మీద ఆ పొద్దున కూర్చున్నది బలరామయ్య కాకపోయుంటే, చెంగల్రాయుడు ఆ పత్రిక సంగతి ఎత్తేవాడే కాదు. బలరామయ్యది లుంగీల వ్యాపారం, హైస్కూలు కమిటీలో ఆయన మాటకు తిరుగులేదు. ఆ స్కూలుకు డ్రిల్ మాస్టరు కావాలి, సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. ఈ పని రాకపోతే చెంగల్రాయుడు రేపటినుంచి మేనమామ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కట్టలు మోయాలి. వేలూరులో కాలేజీ చదివొచ్చినవాడికి అది చావుతో సమానం.

"బాస్కెట్‌బాల్ ఆడినానంటివే, యా మాత్రం ఆడినావప్పా?" అన్నాడు బలరామయ్య.

"ఏదో కొంచెం నాయనా. పోయిన సీజన్లో కాలేజీ ఆటగాళ్లల్లో మేటి అయిదుగురని పత్రికలో వేసినారు. అయిదో పేరు నాది. అంతే," అని జేబులోని పత్రికను తట్టాడు.

అంతటితో నోరు మూసుకోవాల్సింది. కానీ బలరామయ్య ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ ముఖం చూసేసరికి చెంగల్రాయుడికి కంగారు పుట్టింది, కంగారు పుడితే అతని నోరు ఆగదు.

"నాలుగోవాడు తంగవేలు, మద్రాసోడు. బుట్టలోకి తొంగిచూసి మరీ బంతి వేస్తాడు. మూడోవాడు జయరామన్, వాడు పరిగెత్తితే వాడి నీడ వెనకబడిపోతాది. ఆ ఇద్దర్నీ వేలూరు కోట లోపలి గ్రౌండులో నేనొక్కడే ఆపినాను. ఇంక ఒక్క నిమిషముండాది, ఈ చివర నిలబడి విసిరినాను చూడు, బంతి కోటగోడ దాటి అగడ్తలో పడింది. అందరూ పోయిందిరా అనుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్లమీద మూడుసార్లెగిరి, మళ్లా గోడ దాటొచ్చి, నేరుగా బుట్టలో పడింది!"

"తడిసిన బంతి ఎట్లెగురుతాదప్పా?" అన్నాడు ముత్తు, టీ తిరగబోస్తూ.

"నేను విసిరిన విసురుకు తడిసేదానికి దానికి టైమేదీ?"

బలరామయ్య నవ్వలేదు. "అంత ఆడినోడివి అయిదోవాడివేందప్పా?"

చెంగల్రాయుడు ఎక్కడా తడబడలేదు. "అది తెలుగు పత్రిక కదా నాయనా. అరవ పత్రికల్లో పైనుంచి చదవల్ల. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక తెలుగు పత్రికల్లో పద్ధతి మార్చేసినారు, కింది పేరే ఫస్టు."

"ఆమా, నిజమే, కొత్త రాష్ట్రం, కొత్త పద్ధతి," అన్నాడు ముత్తు.

అక్కడున్న వాళ్లంతా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. చదువుకున్నది మాత్రం అరవం. తెలుగు అక్షరం ముందు పెడితే అందరూ సమానమే. ఆ ధైర్యంతో చెంగల్రాయుడు ఇంకో మెట్టెక్కాడు.

"అరక్కోణంలో ఫైనలు వినండి. పట్టాల పక్కనే గ్రౌండు. నేను విసిరిన బంతి పోయి మెయిలు ఇంజను పొగగొట్టంలో ఇరుక్కునింది. రైలు కదిలింది. నేను వెంట పరిగెత్తి డ్రైవరును విజిలు కొట్టమన్నాను. కొట్టినాడు. పొగతోపాటు బంతి లేచొచ్చి బుట్టలో పడింది! రైలు సాయం పట్టినావు, చెల్లదన్నాడు రిఫరీ. ఊరుకుంటానా? బంతికి తీసిన టిక్కెట్టు చూపించినాను!"

ముత్తు చేతిలో టీ వొలికిపోయింది. బలరామయ్య మాత్రం చెయ్యి చాపాడు.

"ఆ పత్రిక ఇట్లియ్యి. నీ పేరు దాంట్లో ఉంటే పని నీది. లేకుంటే మళ్లా నా ముందర నిలబడొద్దు."

పేరు ఉంది. అదొక్కటీ అబద్ధం కాదు. హాస్టల్లో నెల్లూరతను ఈ పత్రికలో మేటి అయిదుగురి పట్టీ చదివి, "నీ పేరు పడిందిరా!" అని పడీపడీ నవ్వాడు. స్నేహితుడి సంతోషం అనుకున్నాడు చెంగల్రాయుడు. తనకూ తెలుగు చదవడం రాదు. అది బయటపెట్టుకోవడానికి సిగ్గుపడి, ఇంకెవరిచేతా చదివించకుండా ఏడాదిగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అతను ఆ సీజనంతా వేసింది ఒకే ఒక్క బంతి. దాని గురించి రాసి ఉండకపోతే చాలు దేవుడా అనుకుంటూ పత్రిక అందించాడు.

బలరామయ్య అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముత్తు తలకిందులుగా పట్టుకుని బొమ్మ చూశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇట్లియ్యండయ్యా, నేను చదువుతా."

పందిరి బయట కట్టెలమోపు దించి, తన సొంత అల్యూమినియం లోటాలో టీ తాగుతున్న పాపాతి ఆ మాటన్నది. ముత్తు పక్కున నవ్వాడు. "నీకెట్లొచ్చును?"

"మా బైబిలు తెలుగే కదయ్యా. ఆదివారం చర్చిలో నేనే చదివేది."

బలరామయ్య పత్రిక ఆమెకిచ్చాడు. పాపాతి వేలు పెట్టి నిదానంగా చదివింది. ఒకటి తంగవేలు. రెండు జయరామన్. మూడు, నాలుగు ఎవరెవరో. "అయిదు, దొరై."

బలరామయ్య లేవబోయాడు.

"ఉండండయ్యా, కింద ఇంకో ముక్క ఉండాది. 'వేలూరు జట్టులో గుడియాత్తం చెంగల్రాయుడి పేరు కూడా ఇక్కడ చెప్పుకోక తప్పదు.'"

చెంగల్రాయుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "విన్నారా నాయనా!" అని అరిచాడు. బలరామయ్య మళ్లీ కూర్చుని, మొదటిసారి తల ఊపాడు. పని వచ్చినట్టే.

పాపాతి వేలు కింది వరుసకు జరిగింది. "'మూడు నిమిషాలు ఆడిన ఈయన, సీజను మొత్తం మీద తాను వేసిన ఒక్క బంతినీ తమ జట్టు కాపాడుకోవాల్సిన బుట్టలోనే వేసి, మద్రాసు జట్టును గెలిపించాడు.'"

నెల్లూరతను ఎందుకలా నవ్వాడో చెంగల్రాయుడికి ఇప్పుడర్థమైంది. ఏడాదిపాటు గుండెమీద పెట్టుకు తిరిగింది దీన్నా అని అతనికి ఏడుపొచ్చింది.

బలరామయ్య లేచి కండువా దులుపుకున్నాడు. "సాయంత్రం రావద్దులేప్పా," అని వెళ్లిపోయాడు.

పాపాతి పత్రికను పాత మడతల వెంబడే మడిచి చెంగల్రాయుడి చేతిలో పెట్టింది.

"దిగులుపడొద్దు చిన్నయ్యా," అన్నది. "మీరు చెప్పిన కొత్త పద్ధతిలో కిందినుంచి చదివితే, ఫస్టు మీరే కదా."