డబ్బా మీది ఫోటో

ఎవర్ని? నా కూతుర్నా? ఆదివారం మీ విరాళాల నడకలో వేదిక ఎక్కమంటారా? ఏం మాటలు వదినా అవి! అసలు ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నారు?

ముందు కూర్చోండి. ఆ స్టూలు మీద గుడ్డముక్కలు కింద పడేయండి, పర్లేదు. నేను మాత్రం మిషను ఆపను. సాయంత్రంలోపు ఈ యూనిఫాం స్కర్టులన్నిటికీ అంచులు కుట్టి బడికి అప్పజెప్పాలి. చప్పుడుకి వినపడకపోతే అరుస్తాలెండి. ఇవాళ అరవాలనే ఉంది నాకు.

అవును, అదే చేసింది. నేనేమైనా కాదన్నానా? ఏడు కొట్లకి వెళ్ళి, ఏడు విరాళాల డబ్బాల మీదా తన ఫోటోకి నల్ల స్కెచ్‌పెన్నుతో జుట్టు గీసింది. మధ్యపాపిడీ, రెండు జడలూను. ఏదీ, సాక్ష్యానికి సంచిలో వేసుకుని మరీ తెచ్చారుగా, చూపించండి. అబ్బో! దీనికి రిబ్బన్లు కూడా కట్టిందే! ఎంత బాగా గీసిందండీ!

నేను నవ్వితే మీకు ఒళ్ళు మండుతోంది కదూ? మండనివ్వండి.

దానికి ఆ రక్త క్యాన్సరు వచ్చింది ఆరేళ్ళప్పుడు. ఇప్పుడు పన్నెండు. తగ్గిపోయి నాలుగేళ్ళు దాటింది, జడ నడుం దాకా వచ్చింది. మీ డబ్బాల మీద మాత్రం ఇంకా బోడిగుండే, ముక్కులో గొట్టమే, కనుబొమలు లేని మొహమే. రబ్బరు కొనుక్కుందామని వెళ్తే గల్లాపెట్టె పక్కన తనే. బ్రెడ్డుకెళ్తే తనే. బళ్ళో దాన్నేమంటున్నారో తెలుసా మీకు? డబ్బాపిల్ల! ‘ఏయ్ డబ్బాపిల్లా, చిల్లరుందా?’ అంటారట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఈ మాట చెప్పింది. ఏడవను కూడా లేదు. అది ఏడవలేదనే నాకు భయమేసింది.

పరిశోధనా? పరిశోధన వద్దని నేనెప్పుడన్నాను? మాట మార్చకండి. ఆసుపత్రిలో పక్క మంచం పిల్లాడు పోయిన రోజు వాళ్ళమ్మ చెప్పులు మంచం కిందే వదిలేసి వట్టి కాళ్ళతో వెళ్ళిపోయింది. ఆ చెప్పులు పట్టుకుని మెట్లన్నీ దిగి పరిగెత్తింది నేనేగా! ఒకటే మందు, ఒకటే జబ్బు, మన పిల్లకి పనిచేసింది ఆ పిల్లాడికి ఎందుకు చెయ్యలేదో ఎవరో ఒకరు తేల్చాలన్నారు మీరు. ఇంటిల్లిపాదీ తిరిగి, పరిశోధన చేసేవాళ్ళకి మనమే నిధి పోగుచేసి ఇద్దామన్నారు. సరేనన్నాను. ఇప్పుడైనా సరేనంటాను.

ఫోటో మార్చమన్నాను, అంతేగా! దానికి మీరేమన్నారు? ‘జడలేసుకుని నవ్వే పిల్లని చూసి ఎవరు జేబులో చెయ్యి పెడతారే’ అన్నారు. నా మొహం మీదే అన్నారు. మీ తమ్ముడేమో గోడ వంక చూస్తూ కూర్చున్నారు. బయట పులే ఆయన, మీ ముందు నోట్లో నాలుక ఉండదు.

ఇప్పుడేమో ఆ ఫోటో ఇంతెత్తున కట్టి, పక్కన దీన్ని నిలబెట్టి, ‘అప్పుడు, ఇప్పుడు’ అంటారా? బట్టల సబ్బు ప్రకటనా ఇది?

రాదు. నేను పంపినా రాదు. మీ పేరెత్తితే చాలు దాని మొహం మాడిపోతుంది. మీరు కొన్న గౌనుకి ఇంకా ధర చీటీ కూడా తెంపలేదు. మీరు గుమ్మంలోకి వస్తే తను గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. ఏడాదిగా ఇదే వరస. చూస్తూనే ఉన్నారుగా!

ఏంటీ? దానికోసం మీరేం తక్కువ చేశారనా?

ఉండండి. మిషను ఆపుతాను.

ఏం తక్కువ చెయ్యలేదు. నెలల తరబడి ఉద్యోగానికి సెలవు పెట్టారు. నేను ఇంటికొచ్చి ఒంటి మీద నీళ్ళు పోసుకుని కాస్త కునుకు తీసే లోపల దాని వాంతులు ఎత్తింది మీరే. సూదికి చెయ్యి చాపమంటే మీ ఒళ్ళో కూర్చుంటేనే చాపేది. ‘అమ్మ కాదు, అత్త కావాలి’ అనేది. నర్సులు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. లోపల కుళ్ళుకుని చచ్చేదాన్ని వదినా. కన్నది నేనా, మీరా?

ఫోటో పంపింది నువ్వే కదా అంటారు. అక్కడికే వస్తున్నా.

ఆ ఫోటోలో చెయ్యి చూశారా? మనవైపు చాపిన చెయ్యి. అందరికీ కన్నీళ్ళు వచ్చేది దాన్ని చూసే. కింద మీరు ‘ఈ చేతిని అందుకోండి’ అని అచ్చు కూడా వేయించారు. ఎవర్నీ ఏ సాయమూ అడగలేదండీ అది. టోపీ అడిగింది.

పసుపుపచ్చ టోపీ. నేనే కుట్టాను, చెవులు మూసుకునేలా. నిద్రలో కూడా తీసేది కాదు. మీరు ఫోను చేసి ఏదో ఒక ఫోటో పంపమన్నారు. టోపీతో ఉంటే ఎవరికి జాలేస్తుంది అనుకున్నాను. మీరు కాదు, నేను అనుకున్నాను. లాగేశాను. టోపీ వీపు వెనక దాచుకుని రెండో చేత్తో ఫోను పట్టుకున్నాను. ‘ఇచ్చెయ్యవా, ఇచ్చెయ్యవా’ అని అది ఏడుస్తూ చెయ్యి చాపింది. అప్పుడు నొక్కాను. బాగా వచ్చిందని కూడా అనుకున్నాను.

మందుల మగతలో ఉంది కదా, దానికేం గుర్తుంటుందిలే అనుకున్నా. పోయినేడాది ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చుని అడిగింది, ‘ఆ రోజు నా టోపీ లాగేసింది ఎవరమ్మా?’ అని. నేను గుండీ కుడుతున్నాను. తలెత్తలేదు. ‘అత్త’ అన్నాను.

అంతే. ఒక్క మాట. నోరు జారిందని చెప్పను. తెలిసే అన్నాను.

అలా చూడకండి. తిట్టాలంటే తిట్టండి, పడతాను. చెప్పేస్తారా దానికి? బడి వదిలేశారు, వచ్చే వేళైంది. మీ నోటికి నేను అడ్డం పడలేను. కానీ మీకేం లోటండీ? నడిచొచ్చే వందలమంది ఉన్నారు, మేడమ్ మేడమ్ అంటూ వెంట తిరిగేవాళ్ళున్నారు. ఒక పిల్ల మిమ్మల్ని అసహ్యించుకుంటే మీ ఆదివారం ఆగిపోదు. నాకు ఉన్నది అదొక్కతే. ఆసుపత్రిలో ఒకసారి మీకు ఇచ్చేశాను దాన్ని. ఆ చేదు నాకు చాలు. మళ్ళీ ఇవ్వలేను.

ష్‌... గేటు తీసింది. కళ్ళు తుడుచుకోండి.

వచ్చావా తల్లీ? బూట్లు అక్కడే విప్పు. లోపలికెళ్ళకు, ఇలా రా. అత్త వచ్చింది చూడు. ఆ రోజు టోపీ లాగేసినందుకు నీకు సారీ చెప్పాలని పాపం ఇందాకట్నుంచీ కూర్చుంది.